ఏజెంటును పెట్టుకోవాలా, వద్దా: ఫ్లాటు కొనబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

ఆశీస్సులు. హైదరాబాదులో నిజాంపేట, ప్రగతినగర్ వైపు 80 లక్షల్లో ఫ్లాటు చూస్తున్నామనీ, ఏజెంటును పెట్టుకోవాలో నేరుగా ఓనర్లతోనే మాట్లాడుకోవాలో తేలడం లేదనీ రాశావు. అల్లుడుగారు కమిషన్ దండగంటున్నారు. నువ్వేమో ఉద్యోగం చేసుకుంటూ ఊరంతా తిరిగే ఓపిక లేదంటున్నావు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఏజెంటు పని అని మనం అనుకునేది ఒక్క పని కాదు, మూడు పనులు: ఇల్లు వెతికిపెట్టడం, బేరం కుదర్చడం, కాగితాలు చూడటం. మొదటిదానికి మంచి ఏజెంటు బాగా పనికొస్తాడు. రెండోదానికి కొంతవరకే. మూడోదానికి అసలు పనికిరాడు, ఎంత మంచివాడైనా సరే. బేరం కుదిరితేనే డబ్బు వచ్చే మనిషిని ఆ బేరంలో లోపాలు వెతకమనడం మన పొరపాటు గానీ అతనిది కాదు.

కొత్త ప్రాజెక్టుల సంగతి ముందే తేల్చేస్తాను. బిల్డరు దగ్గర కొనేటట్లయితే ఏజెంటు అక్కర్లేదు. అక్కడ కమిషన్ ఇచ్చేది బిల్డరే, కాబట్టి ఆ ఏజెంటు బిల్డరు మనిషి. మొదటిసారి సైటు ఆఫీసుకు మీ అంతట మీరే వెళ్లండి. ఎవరో ఏజెంటు మీ ఫోన్ నంబరు ముందే అక్కడ నమోదు చేయించాడంటే మీరు అతని ఖాతాలో పడిపోతారు. ఆ కమిషన్ మేర మాకు తగ్గించండి అని అడిగే అవకాశం పోతుంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, 8 ఫ్లాట్లకు మించిన కట్టడం గానీ అయితే రెరా (స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) నంబరు లేకుండా అమ్మకూడదు. ఏజెంటుకూ రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. రెండు నంబర్లూ తెలంగాణ రెరా వెబ్‌సైటులో మీరే కొట్టి చూసుకోండి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం), యూడీఎస్ (ఫ్లాటు కట్టకముందే స్థలంలో విడదీయని వాటా అమ్మడం) ఆఫరు, మొత్తం ఇప్పుడే కడితే సగం ధర, ఇలాంటి మాటలు వినబడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అసలు ఆలోచించాల్సింది పాత ఫ్లాటు, అంటే రీసేల్ విషయంలో. హైదరాబాదులో ఆనవాయితీ కొనేవాళ్ల దగ్గర ఒక శాతం, అమ్మేవాళ్ల దగ్గర ఒక శాతం. 80 లక్షలకు 80 వేలు. ఏజెంటుకు జీఎస్టీ ఉంటే దానిపై 18 శాతం, 14,400 రూపాయలు అదనం. రెండు శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. అది చట్టం పెట్టిన రేటు కాదు, మాట్లాడుకుంటే తగ్గేదే.

ఈ డబ్బు ఎప్పుడు దండగ? మీరు ఇప్పుడు అద్దెకుంటున్న అపార్టుమెంటులోనో, చుట్టుపక్కల రెండు మూడు వీధుల్లోనో కొనాలనుకుంటే దండగే. వాచ్‌మన్‌కూ, అసోసియేషన్ సెక్రటరీకీ ఒక మాట చెప్పి ఉంచితే ఏ ఫ్లాటు అమ్మకానికి వస్తోందో ఏజెంటు కన్నా ముందు మీకే తెలుస్తుంది. కుదిరాక వాచ్‌మన్‌కు మంచి బహుమానం ఇచ్చినా లక్షకు చాలా దూరంలోనే ఉంటారు.

ఎప్పుడు దండగ కాదు? ఏరియా మీకు తెలియనప్పుడు, అడగడానికి అక్కడ ఎవరూ లేనప్పుడు. పదిహేనేళ్లుగా అక్కడే తిరుగుతున్న ఏజెంటుకు ఏ బిల్డింగులో ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండిపోయి ట్యాంకర్లు దిగుతాయో, ఏ అసోసియేషన్‌లో గొడవలున్నాయో, ఏ ఓనరు ఎందుకు అమ్ముతున్నాడో తెలుసు. అతను చెప్పడు, మీరు అడగాలి. అడిగితే సూటిగా చెప్పేవాడా, దాటవేసేవాడా అన్నది మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది.

ఓనరు విదేశంలో ఉంటే కూడా అనుభవం ఉన్న ఏజెంటు ఉండటం మేలే. అక్కడి నుంచి వచ్చే పవర్ ఆఫ్ అటార్నీకి (తన తరఫున ఇక్కడ సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రానికి) అక్కడి భారత కాన్సులేటు లాంటి అధికారిక ధ్రువీకరణ ఉండాలి. మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇవి జరగక రిజిస్ట్రేషన్ రోజున ఆగిపోయే బేరాలు చాలా ఉంటాయి. పన్ను లెక్క కూడా మారుతుంది. మామూలుగా 50 లక్షలు, ఆ పైన ధర ఉంటే మీరు 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) పట్టుకుని ఓనరు పాన్ మీద కట్టాలి, అంటే 80 లక్షలకు 80 వేలు. ఓనరు ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు. చాలా ఎక్కువ పట్టాల్సి వస్తుంది, చార్టర్డ్ అకౌంటెంటు లేకుండా ముందుకు వెళ్లొద్దు. ఇక్కడి ఓనరే అయినా పాన్, ఆధార్ లింకయ్యాయో లేదో అగ్రిమెంటుకు ముందే చూడండి. లింకు కాకపోతే పట్టాల్సింది 20 శాతం. తక్కువ పట్టారని నోటీసు వచ్చేది ఓనరుకు కాదు, మీకు.

ఇంకో మాట. సైట్లలో 'ఓనర్' అని కనిపించే ప్రకటనలన్నీ ఓనర్లు పెట్టినవి కావు. ఒకే ఫ్లాటు మూడు ఫోన్ నంబర్లతో, మూడు ధరలతో కనిపిస్తే వెనక ముగ్గురు ఏజెంట్లున్నారనే అర్థం. కాబట్టి 'నేరుగా కొంటాం' అనుకున్నా ఏజెంట్లు తగులుతూనే ఉంటారు. ఫోనులో మొదటి ప్రశ్నే అది అడగండి: మీరు ఓనరా, ఏజెంటా, ఏజెంటైతే కమిషన్ ఎంత?

పెట్టుకోవాలని నిర్ణయించుకుంటే, ఇల్లు చూడకముందే కొన్ని మాటలు వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తేల్చుకోండి. కమిషన్ ఎంత శాతం, జీఎస్టీ కలిపా విడిగా, ఎప్పుడు ఇవ్వాలి. నా లెక్కలో అగ్రిమెంటు రోజు పావు వంతు, రిజిస్ట్రేషన్ రోజు సగం, అసోసియేషన్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తాళాలు చేతికొచ్చి కరెంటు మీటరు పేరు మారాక మిగతా పావు. మొత్తం డబ్బు అగ్రిమెంటు రోజే ఇచ్చేస్తే ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తాల్సిన అవసరం అతనికి ఉండదు. చూపించిన ఫ్లాట్ల జాబితా తేదీలతో రాసుకోండి. ఒకరు చూపించిన ఫ్లాటును ఇంకొకరు అర శాతానికే ఇప్పిస్తానని వస్తారు. చూపించినవాడికే కమిషన్ అన్నది ఈ వ్యాపారంలో మర్యాద, అది తప్పితే గొడవ మీ గుమ్మం దాకా వస్తుంది.

ఇక మోసం ఎక్కడ దూరుతుందో చెబుతాను, ఇది జాగ్రత్తగా చదువు. కమిషన్ ఒక శాతమే అని మంచిగా మాట్లాడే ఏజెంటు అసలు సంపాదన వేరే చోట ఉండొచ్చు. ఓనరుతో 'నెట్ రేటు' మాట్లాడుకుంటాడు: నాకు 72 చేతికి రావాలి, పైన వచ్చింది నీది అంటాడు ఓనరు. మీకు 80 చెబుతాడు. మీరు బేరమాడి 78కి దింపామని సంతోషిస్తారు. అతనికి ఆరు లక్షలు, పైగా మీ కమిషన్. దీనికి విరుగుడు ఒక్కటే, టోకెన్ (ఖాయం చేసుకోవడానికి ముందుగా ఇచ్చే చిన్న మొత్తం) ఇచ్చే ముందు ఓనరుతో మీరు ముఖాముఖి ధర మాట్లాడాలి. ఓనరు ఊళ్లో లేడు, పెద్దాయన, మాట్లాడరు అని ఏజెంటు అడ్డుపడుతూనే ఉంటే ఆ ఫ్లాటు వదిలెయ్యండి.

రెండో రకం, మధ్యవర్తే ఓనరుతో అగ్రిమెంటు రాసుకుని, కొంత బయానా ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టుకుని, ఆ గడువులో ఎక్కువ ధరకు మరొకరిని వెతకడం. స్థలాల్లో ఇది మరీ ఎక్కువ, ఫ్లాట్లలోనూ ఉంది. ఇది తనంతట తాను మోసం కాదు. కానీ గడువు దాటిపోయి ఓనరుకూ అతనికీ చెడితే మీ డబ్బు మధ్యలో ఇరుక్కుంటుంది. 'దీనిమీద ఎవరికైనా అగ్రిమెంటు ఉందా' అని ఓనరును సూటిగా అడగండి. ఉంటే అది రద్దయినట్టు కాగితం కావాలి, లేదా సేల్ డీడులో ఆ మనిషి కూడా సమ్మతిస్తూ సంతకం పెట్టాలి.

మూడోది తొందర పెట్టడం. రేపు పొద్దున ఇంకో పార్టీ క్యాష్‌తో వస్తోంది, ఈ రాత్రికే టోకెన్ వేయండి అంటాడు. వెయ్యాలనిపిస్తే 50 వేలో లక్షో వెయ్యండి, అదీ ఓనరు బ్యాంకు ఖాతాకే, ఏజెంటు ఖాతాకు ఒక్క రూపాయి కూడా వద్దు. ఫ్లాటు నంబరు, ఒప్పుకున్న ధర, అగ్రిమెంటు తేదీ, కాగితాల్లో లోపం తేలినా లోను రాకపోయినా టోకెన్ వాపసు అన్న మాట, ఈ నాలుగూ ఉన్న రశీదు మీద ఓనరు సంతకం కావాలి.

నాలుగోది, సగం బ్లాకులో కానిద్దాం అన్న సలహా. 80 లక్షల ఫ్లాటును 55 లక్షలకు రాయిద్దామంటారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కాబట్టి 25 లక్షల మీద మిగిలేది 1,87,500. రేపు ఆ ఇల్లు మీరు పూర్తి వైట్‌లో అమ్మితే ఆ 25 లక్షలూ లాభం కింద లెక్కపడి, 12.5 శాతం చొప్పున 3,12,500 పన్ను పడుతుంది. లోను కూడా రాసిన ధర మీదే చూస్తారు. 30 నుంచి 75 లక్షల లోన్లకు బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 80 శాతం. 80 మీద 64 లక్షలు వచ్చేది, 55 మీద 44కి పడిపోతుంది. ఇల్లు అమ్మేటప్పుడు 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా పడొచ్చు, కాబట్టి ఓనరుకూ ఇది ప్రమాదమే. బేరం చెడితే ఆ నగదు ఇచ్చినట్టు మీ దగ్గర ఆధారమేదీ ఉండదు.

కాగితాల పని ఏజెంటుకు వదలొద్దని ముందే అన్నాను. బ్యాంకు లాయరు చూశాడు కదా అని కూడా ఊరుకోవద్దు, ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రం కోసం. ఏజెంటు చెప్పిన లాయరు కాకుండా మీరే ఒకరిని పెట్టుకోండి. ఆయన ఫీజు కమిషన్‌లో చిన్న వంతు. మూల దస్తావేజు నుంచి ఇప్పటి ఓనరు దాకా లింకు డాక్యుమెంట్లన్నీ, 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాను ప్రకారం పూర్తయి నివాసానికి తగినదన్న పత్రం), ఆస్తిపన్ను రశీదులు ఆయన చేతిలో పెట్టండి. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా), చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే మేర) పరిధిలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడమనండి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఈ చెరువు లెక్క ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద మాత్రమే చేతులు మారిన ఆస్తి అయితే యాజమాన్యం బదిలీ అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

మీరు చూస్తున్న వైపు ప్రత్యేకంగా ఒకటి గమనించండి. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యేదాకా అవన్నీ గ్రామ పంచాయతీలు. పంచాయతీ అనుమతి జీ ప్లస్ 2కి (కింది అంతస్తు, పైన రెండు) తీసుకుని ఐదంతస్తులు లేపిన భవనాలు శివార్లలో చాలా చోట్ల ఉన్నాయి. మీరు కొనే నాలుగో అంతస్తు ప్లానులో ఉందా లేదా అన్నది అడిగితే ఏజెంటు 'బ్యాంకు లోను ఇస్తోంది కదండీ' అంటాడు. అది జవాబు కాదు. ప్లాను కాపీ తెప్పించి అంతస్తులు మీరే లెక్కపెట్టండి.

బేరానికి ఒక చిట్కా. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో అదే అపార్టుమెంటు మీద ఈసీ తీస్తే గత ఏడాది రెండేళ్లలో అక్కడ అమ్ముడైన ఫ్లాట్లు ఏ ధరకు రిజిస్టరయ్యాయో కనిపిస్తుంది. రాసిన ధర అసలు ధర కంటే తక్కువ ఉండొచ్చు, అయినా ఏజెంటు చెప్పే 'ఇక్కడ రేటు ఇంతే' అన్న మాటకు అది పగ్గం వేస్తుంది. ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు చెప్పినప్పుడు కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) ఎంతని అడగండి. 1,500 సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోటు వాటా కలిపిన కొలత) అన్నది లోపల కొలిస్తే 1,050, 1,100 దగ్గర తేలడం మామూలే. టేపు తీసుకెళ్లి కొలవడానికి మొహమాటపడొద్దు. కారు పార్కింగు, విడదీయని స్థలం వాటా గజాల్లో సేల్ డీడులో రాసి ఉన్నాయో లేదో కూడా చూడండి, చెప్పిన మాట చాలదు.

మీ విషయంలో నా మాట ఇది. మొదటి నెల ప్రగతినగర్ వైపు అసోసియేషన్లలో, ఆఫీసు స్నేహితుల్లో వాకబు చేస్తూ మీరే చూడండి. ఏరియా, రేట్లు మీకు పట్టుబడతాయి. ఈలోపు కుదరకపోతే ఒక శాతానికి ఒక్క ఏజెంటునే పెట్టుకోండి, నలుగురిని కాదు. అగ్రిమెంటు చిత్తుప్రతి తయారయ్యాక లాయరుకు పంపేటప్పుడే నాకూ ఒక కాపీ పంపు. వాపసు షరతు, గడువు తేదీ, ఓనరు పాత లోను ఎప్పుడు తీర్చి బ్యాంకు నుంచి అసలు దస్తావేజులు తెస్తాడన్న మాట, ఈ మూడూ అందులో ఉండాలి. లేకపోతే సంతకం పెట్టకుండా ఆపు.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ బాబాయి