ఉప్పునీటి ట్యాంకులోకి ఏ చేప ముందు, ఏ చేప వెనక

చిరంజీవి మేనల్లుడికి, తిరుపతి నుంచి మీ మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన లిస్టు చూశాను. రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ టాంగ్, ఒక ఎల్లో టాంగ్, ఒక డామినో డామ్సెల్, ఒక మాండరిన్, ఒక లయన్ ఫిష్, రెండు క్లీనర్ రొయ్యలు. రంగులకు లోటేమీ లేదు. కానీ చిత్తూరులో మీ హాల్లో పెట్టింది మూడడుగుల ట్యాంకు. అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కాబట్టి అంచుదాకా నింపినా 190 లీటర్లు. రాళ్ళూ ఇసుకా పోతే 160 మిగిలితే గొప్ప. అందులో ఈ లిస్టంతా వేస్తే కొన్నాళ్ళకు రెండో మూడో మిగులుతాయి. ఆ మిగిలేవాటిలో డామినో మాత్రం తప్పకుండా ఉంటుంది.

మొదట కొట్టేయాల్సింది లయన్ ఫిష్‌ను. ఎవరి జోలికీ పోనట్టు నెమ్మదిగా తేలుతూ ఉంటుంది, చీకటి పడ్డాక నోట్లో పట్టినదాన్నల్లా మింగేస్తుంది. నీ రొయ్యలు, చిన్న క్లౌన్లు దానికి ఒక పూట మేత. పైగా వీపు ముళ్ళలో విషం ఉంటుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అది వద్దే వద్దు.

టాంగులు రెండూ వద్దు. షాపులో బ్లూ టాంగ్ రెండంగుళాలే ఉంటుంది, పెరిగితే అడుగు. ఎల్లో టాంగ్ 20 సెంటీమీటర్లు. రోజంతా ఈదే చేపలు కాబట్టి ఆరడుగుల ట్యాంకు ఉన్నవాళ్ళు పెంచుకుంటారు. వాటి తోక మొదట్లో పదునైన ముల్లుంటుంది. ఇరుకులో తగాదా వస్తే ఒకదాని పక్కలు ఒకటి చీరేస్తాయి. బ్లూ టాంగ్‌కు తెల్లమచ్చల జబ్బు కూడా తొందరగా పట్టుకుంటుంది. దానికి రాగి మందు వాడాలి, రాగి పడిన నీళ్ళలో రొయ్యలు బతకవు. అందుకే వైద్యం ఎప్పుడైనా వేరే తొట్టిలోనే.

మాండరిన్ పాపం సాధువు. దానితో గొడవేమీ లేదు, ఆకలితోనే చస్తుంది. రాళ్ళమీద పాకే కంటికి ఆనని పురుగుల్ని ఏరుకు తింటుంది, గింజల మేత ముట్టుకోవడం అరుదు. కొత్త ట్యాంకులో ఆ పురుగులు ఉండవు. ఏడాది దాటాక అడుగు, అప్పుడు చూద్దాం.

ఇక డామినో. చవగ్గా వస్తుంది, మొండిది, ఏ నీళ్ళలోనైనా బతుకుతుంది. అందుకే షాపువాడు ‘ముందు దీన్ని వేసి ట్యాంకు సెట్ చేసుకోండి’ అంటాడు. ఆ మాట వినొద్దు. తిరుపతి బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు కదా, ట్యాంకులోనూ అంతే. ముందొచ్చిన చేప రాళ్ళన్నీ తనవే అనుకుంటుంది, తర్వాత వచ్చినవాటిని మేత దగ్గరికి కూడా రానివ్వదు. దాన్ని పట్టి బయటికి తియ్యాలంటే రాళ్ళన్నీ పీకాలి. ట్యాంకు సెట్ కావడమంటే చేపల మురికిలోని అమోనియాను విరగ్గొట్టే బాక్టీరియా పెరగడమే, దానికి చేప అక్కర్లేదు. బాక్టీరియా సీసా, కొంచెం అమోనియా చాలు. నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టు. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే మొదటి చేప.

ఏ రెండు చేపలకు పడదో కనుక్కోవడం అంత కష్టమేమీ కాదు. ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే చోట కాపురం, ఒకే మేత. వీటిలో ఎన్ని కలిస్తే అంత తగాదా. దాని తర్వాత నోటి సైజు చూడు. పెరిగాక ఎంతవుతుందో అడగకుండా ఏ చేపకూ డబ్బులివ్వకు.

నీ ట్యాంకుకు నేను చెప్పే వరస ఇది. ముందు పిరికిది, అంటే ఒక ఫైర్ ఫిష్. ఎగిరి బయట పడే అలవాటుంది కాబట్టి పైన వల మూత తప్పనిసరి. తర్వాత క్లీనర్ రొయ్యలు. ఆపైన పసుపు వాచ్‌మన్ గోబీ, దానికి జతగా పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు సరిగా ఆనదు, బొరియ తవ్వుతూనే ఒక మీసం గోబీకి ఆనించి ఉంచుతుంది. గోబీ కాపలా కాస్తుంది, ప్రమాదమైతే తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరతాయి. మీ అమ్మకు టీవీ అక్కర్లేదు, ఇదొక్కటి చూపించు.

క్లౌన్ల జత ఆఖర్న. చిన్న ట్యాంకులో అవి కూడా పెత్తనం చేస్తాయి, ఆసెల్లారిస్ రకమైతే కాస్త నయం. రెండూ ఒకే రకానివి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకో. పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగానే ఉండిపోతుంది. సముద్రంలో పట్టినవి కాకుండా ట్యాంకులో పుట్టినవే అడుగు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు మన దేశంలోనే వీటిని పొదిగించే పద్ధతి రూపొందించారు. సముద్రంలో క్లౌన్లు కాపురముండే పువ్వులాంటి జీవి ఎనిమోన్, ట్యాంకులో అది లేకపోయినా వాటికి ఏమీ కాదు. దానికి గట్టి లైటు కావాలి, నడుచుకుంటూ పోయి పంపులో ఇరుక్కుంటుంది కూడా. ఇంతే, నాలుగు చేపలు. లెక్క తక్కువగా ఉందని మొహం ముడుచుకోకు.

ఒక్కో చేపకూ మధ్య రెండు మూడు వారాలు ఆగు. కొత్తదాన్ని వేసే రోజు రాళ్ళు కొంచెం అటూ ఇటూ మార్చు, పాతవాటికి మేత వేసి లైటు ఆర్పెయ్. అయినా తరుముతుంటే చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో కొన్నాళ్ళు ట్యాంకులోనే ఉంచు, మొహాలు అలవాటవుతాయి.

ఎవరైనా పగడపు రాయి, సముద్రగుర్రం ఇస్తామంటే తీసుకోకు. 2001 నుంచీ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. సిరామిక్ రాళ్ళు చాలు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. నీళ్ళను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేకపోతే నీళ్ళమీదుగా చిన్న ఫ్యాను పెట్టు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన మేర ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే పొయ్యి, బోరు నీళ్ళు కాదు. ఉప్పు పైకి పోదు, నీళ్ళే పోతాయి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకో.

కొనడానికి మద్రాసులో కొళత్తూరుకు పోదాం, నేనూ వస్తాను. షాపువాడిని ఎదురుగా మేత వెయ్యమంటాను, తినని చేపను తీసుకోం. థర్మాకోల్ పెట్టె తెచ్చుకో, ఎండ తగ్గాక బయల్దేరదాం. ఇంటికి తెచ్చాక నెల రోజులు విడి తొట్టిలో ఉంచాలి కాబట్టి దానికి ఒక మూల ఇప్పుడే చూసిపెట్టు. ఈలోపు అమోనియా రీడింగు వారానికోసారి ఫోటో తీసి పంపు.

మీ మామ