తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండనీ

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. విశాఖలో ఆ పేట కమ్యూనిటీ హాలుకి మీ మిషన్ సాయం చేయబోతోందనీ, ఆ పని నీకే అప్పగించారనీ రాశావు. సంతోషం. ఏం చేయాలో చెప్పమన్నావు గానీ, ముందు ఏం చేయకూడదో రాస్తాను. అదే ఎక్కువ ఉంది.

సాయంత్రం పిల్లల ట్యూషన్, పగలు కుట్టు మిషన్లు, నెలనెలా పొదుపు సంఘాల మీటింగు, మధ్యమధ్యలో బారసాలలు, పెద్దకర్మ భోజనాలు. మీరు రాకముందే ఇవన్నీ అక్కడ నడుస్తున్నాయి, నడిపేది పేటవాళ్లు. మీ పెద్దలకి రిపోర్టు రాసేటప్పుడు ఇది మర్చిపోకు. ‘మా సెంటర్’ అని ఒక్కసారి రాశావంటే ఆ కాగితం ఎప్పుడో ఒకప్పుడు పేటకి చేరుతుంది.

వెళ్లగానే డబ్బు మాట ఎత్తకు. మీటింగుకి పిలిస్తే వెళ్లి వెనక కూర్చో. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకీ, హార్బరుకి కూలికెళ్లే మగవాళ్లకీ తీరుబడి అయ్యేది రాత్రి ఎనిమిది దాటాకే. నీ వీలు చూసుకుని పగలు పదకొండింటికి పెట్టించావా, వచ్చేది పేట నాయకుడూ ఆయన బావమరిదీ.

ఇక డబ్బు. ఇక్కడ జాగ్రత్తగా చదువు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, బయటి దేశం నుంచి మీకొచ్చిన డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడం కుదరదు, ఆ సంస్థకి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. మీ ఆఫీసు ఖర్చులు కూడా 20 శాతం దాటకూడదు. అంటే ఆ డబ్బు మీ మిషనే స్వయంగా ఖర్చుపెట్టాలి. చిక్కంతా అక్కడే. బిల్లు కట్టేవాడు మెల్లగా యజమాని అయిపోతాడు. అందుకని ఏ ఖర్చైనా ముందు హాలు నడిపే పేట సంఘం మినిట్స్ బుక్కులో తీర్మానంగా ఎక్కాలి, ఆ తర్వాతే మీ చెక్కు. ట్యూషన్ చెప్పే అమ్మాయి జీతంలాంటివి ఆ డబ్బులోంచి ఇవ్వండి. కుట్టు మిషన్లు, బీరువా లాంటివి పేట సంఘం పేరున ఉండాలంటే, మన ఊళ్ల చర్చిల్లో పట్టిన కానుకల్లోంచి సంఘానికే విరాళంగా ఇచ్చి వాళ్లచేతే కొనిపించండి. ఏది ఎందులోంచి ఇవ్వాలో ఆడిటర్ని అడగకుండా ఒక్క రూపాయి కదపకు.

కరెంటు బిల్లు మాత్రం మీ నెత్తిన వేసుకోవద్దు. ఫంక్షన్లకి వచ్చే అద్దెతో ఇన్నాళ్లూ వాళ్లే కడుతున్నారు. మీరు కట్టడం మొదలుపెడితే అద్దె వసూలు ఆగిపోతుంది, మీరు వెళ్లిపోయిన మర్నెల ఫ్యూజు పీకేస్తారు. సంఘం ప్రెసిడెంటుకి గౌరవ వేతనం ఇద్దామని మీలో ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడు. రిజిస్ట్రేషన్‌కి 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి కదా, ఆ ఏడుగురిలో మిషన్ మనిషి ఒక్కడూ ఉండకూడదు. బ్యాంకులో జంట సంతకాల్లో ఒకటి ఆడమనిషిదైతే మంచిది.

అసలు పరీక్ష వినాయక చవితికి వస్తుంది. కుర్రాళ్లు పందిరి సామాన్లు హాల్లో పెట్టుకుంటామంటారు, ప్రసాదం అక్కడే వండుతామంటారు. మీ మిషన్లో కొందరికి గుండెల్లో రాయి పడుతుంది. నువ్వు నోరు మెదపకు. హాలు వాళ్లది, సంఘం ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే. ఆదివారం ఆరాధన కూడా అక్కడ పెట్టొద్దు, ఎంత జాగా ఉన్నా సరే. ప్రార్థన అడిగినవాళ్ల ఇంటికి వెళ్లి చెయ్యి, ఎవరూ కాదనరు.

ఫోటోల సంగతి ఇంకా సున్నితం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లకి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లని బీసీ-సీలో వేస్తారు. హాల్లో ట్యూషన్ చదివే పిల్లాడి ఫోటో కింద మీవాళ్లు ‘విశ్వాసుల కుటుంబం’ అని రాసి ఫేస్‌బుక్‌లో పెడితే, రేపు వాడి కులం సర్టిఫికెట్ మీద ఎవడో ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఇంటి నమ్మకం ఏమిటో నీకెందుకు? హాజరు రిజిస్టర్లో మతం కాలమ్ అసలు గీయించకు.

బొంబాయి నాగ్‌పాడా గురించి మీ ట్రైనింగులో చెప్పే ఉంటారు. 1920ల్లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ అక్కడ నైబర్‌హుడ్ హౌస్ అని చుట్టుపక్కల జనం కోసం ఒక సేవాకేంద్రం పెట్టాడు, మన తెలుగు కూలీలు స్థిరపడిన కామాఠిపురకి ఆనుకునే. ఇప్పుడు టిస్ అంటున్న టాటాల సోషల్ వర్క్ స్కూలుకి 1936లో మొదటి డైరెక్టరూ ఆయనే. గొప్ప పనే, నేను కాదనను. కానీ అది మిషన్ కట్టి, జనాన్ని పిలిచిన ఇల్లు. జనమే కట్టుకుని మిమ్మల్ని పిలవడం అరుదు. 1988లో మొదలైన మురికివాడల పథకం కింద బ్రిటన్ సాయంతో మన విశాఖలోనూ పేటల్లో హాళ్లు కట్టారు. వాటిలో ఇంకా కళకళలాడేవి చూశాను, తాళం తుప్పు పట్టినవీ చూశాను.

వెళ్లాక ఆ సంఘం బైలాస్, అంటే వాళ్లు రాసుకున్న నియమాల జిరాక్సు ఒకటి నాకు పంపు. ఎన్నికలు ఎన్నేళ్లకోసారి అని రాసుకున్నారో చూడాలి. మీ మిషన్ ఒప్పందం మూడేళ్లకి మించి రాయకండి, ఏటా సాయం కొంత తగ్గేలా అందులోనే పెట్టండి. అమ్మకి నా వందనాలు చెప్పు.

మీ అక్క