అషి అంటే కాలేనా?

అమ్మా,

ఆ జపనీస్ కథకు నీ తెలుగు అనువాదం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. కథ చివర ఆ ముసలి జూదరి ‘కాళ్లు కడుక్కున్నాడు’ అని రాశావు. మన పాఠకుడు ఏమనుకుంటాడో ఆలోచించు. గుమ్మం పక్కన చెంబుతో నీళ్లు పోసుకున్నాడని, ఇక భోజనానికి కూర్చుంటాడని అనుకుంటాడు. జపనీయులు ‘అషి ఒ అరౌ’, అంటే కాళ్లు కడుక్కోవడం, అనేది చెడ్డ బతుకును వదిలేసి బయటపడటాన్ని. ‘పాచికలకు దండం పెట్టేశాడు’ అని రాస్తే ఆ ముసలివాడు మనవాడైపోతాడు.

అషికి నిఘంటువులో కాలు అనే ఉంటుంది. పలుకు ఒకటే అయినా రాతలో ముఖ్యంగా రెండు అక్షరాలున్నాయి. మొదటిది ప్రధానంగా చీలమండ కింది భాగానికి, అంటే మన పాదానికి. వాడుకలో మొత్తం కాలికీ చెల్లుతుంది. రెండోది తొడ నుంచి కిందికి సాగే కాలికి, బల్లల కాళ్లకు. మూలంలో ఏ అక్షరం ఉందో చూడకుండా కలం కదపకు.

‘ఈ చేపకు అషి వేగం’ అంటే త్వరగా పాడైపోతుందని. ‘అషి బయటికొచ్చింది’ అంటే ఖర్చు అనుకున్నది దాటిందని. ఇలాంటి చోట్ల కాలును వదిలేయి, నష్టం లేదు. అచ్చం మనదే అనిపించే మాట దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. ‘అషి ఒ హిప్పరు’ అంటే కాలు లాగడం. మన కాళ్లు లాగడంలో ఓర్వలేనితనం ఉంటుంది. వాళ్ల మాట అసూయతో అడ్డుపడేవాడికీ వర్తిస్తుంది, చేతకాక జట్టును వెనక్కి ఈడ్చే అమాయకుడికీ వర్తిస్తుంది. నీ కథలోని కుర్రాడు రెండో రకం. అతణ్ణి ఈర్ష్యాపరుణ్ణి చేశావు, పాపం.

ఇక నాకెంతో ఇష్టమైన మాట ‘అమాఅషి’. అమె అంటే వాన. అది అషితో కలిస్తే వాన కురిసే జోరు, కదిలిపోయే తీరు. నువ్వు ‘వర్షపాతం’ అని రాశావు. అది వాతావరణ శాఖ మాట. దూరాన మబ్బు నుంచి నేలకు దిగే ధారలను మనమూ వానకాళ్లు అంటాం కదా! ఇక్కడ కాలును పోనివ్వకు.

ఆ వాన పేరా మళ్లీ రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు