వెనక చక్రం విప్పుతావట

చిన్నా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. సైకిల్ మీద నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నావట. దారిలో పంచరైతే ఎవరి కోసమూ చూడకుండా వెనక చక్రం విప్పి బిగించడం నువ్వే నేర్చుకుంటున్నావట. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఎంత సంతోషమేసిందో! మనింట్లో ఇన్నాళ్లకి ఇంకొకరు చేతికి మసి పూసుకోబోతున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదనుకో, అది వేరే సంగతి.

ముందు చక్రం ఎవరైనా తీస్తారు. వెనకది అలా కాదు, చైను, గేర్లు, బ్రేకు అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. విప్పే ముందు చైన్‌ని అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదికి దించు. అది బయటి చివర ఉంటుంది కాబట్టి చక్రం తేలిగ్గా జారి వస్తుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు కూడా చైను ఏ పళ్ల మీద కూర్చోవాలో వెతుక్కోనక్కర్లేదు. డీరైలర్‌ని, అంటే చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే ఆ వేలాడే భాగాన్ని, వెనక్కి లాగి పట్టుకో, చక్రం కిందికి దిగుతుంది. దిగకపోతే గుంజకు, ఎక్కడ తట్టుకుందో వంగి చూడు.

"చక్రం మధ్యలో పళ్లెంలాంటిదేదో ఉంది" అంది మీ అమ్మ. అంటే నీది డిస్క్ బ్రేకు. చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు జోలికి పోకు. హైడ్రాలిక్‌ది, అంటే తీగతో కాక గొట్టంలోని ద్రవంతో పనిచేసేది అయితే, ఒక్కసారి నొక్కినా లోపలి ప్యాడ్లు దగ్గరైపోతాయి, డిస్కు మళ్లీ దూరదు. పెద్ద దిగుడు దిగి వచ్చిన వెంటనే అది కాలుతూ ఉంటుంది, చెయ్యి పెట్టకు. జిడ్డు చేత్తో ఎప్పుడూ ముట్టుకోకు.

ఇదంతా కష్టమని విసుక్కుంటావేమో. టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెంలో డీరైలర్ గేర్లని 1937లో గానీ రానివ్వలేదు. అంతకుముందు వెనక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు సైజు పళ్ల చక్రాలుండేవి. కొండ రాగానే పందెం మధ్యలోనే దిగి, చక్రం విప్పి, అటుది ఇటు తిప్పి బిగించుకుని మళ్లీ ఎక్కేవాళ్లు. నీకు పంచర్ అయితేనే కదా ఈ పని!

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ ఎడమ మోకాలి కింద పొడుగ్గా ఒక మచ్చ ఉంటుంది చూశావా? మెట్ల మీంచి పడ్డానని చెప్పి ఉంటుంది. మెట్లూ లేవు, ఏమీ లేవు. నేనే పడేశాను.

నాకప్పుడు పదిహేడేళ్లు, దానికి పదకొండు. నాది గేర్లు లేని పెద్ద సైకిల్. ఇరుసుకి రెండు పక్కలా నట్లు, వాటి కిందే మడ్‌గార్డ్ కడ్డీలు, క్యారియర్ కాళ్లు, వాషర్లు. అలాంటి సైకిల్‌కి ఇరుసు కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగితే చైను బిగుస్తుంది, ముందుకి తోస్తే వదులవుతుంది. మధ్యలో వేలితో ఎత్తి చూస్తే సెంటీమీటరు పైచిలుకు ఆడాలి. ఆ రోజు పంచర్ వేసి చక్రం ఎక్కించాను. ఎడమ నట్టు స్పానర్‌తో గట్టిగా బిగించాను. కుడిది చేత్తో తిప్పి వదిలేశాను, చైను ఎంత ఆడుతోందో చూసి బిగిద్దాంలే అని. చూశాను, బాగానే ఉంది. ఈలోగా మీ అమ్మ గేటు దగ్గర్నుంచి "అక్కా, వస్తున్నావా లేదా" అని అరిచింది. స్పానర్ సంచిలో పడేసి బయల్దేరాను.

చదును రోడ్డు మీద ఏమీ తెలియలేదు. ఒక మైలు హాయిగా పోయాం. ఎత్తు మొదలవగానే సీటు మీంచి లేచి నిలబడి తొక్కాను. చైను ఉండేది కుడి పక్కన కదా, కాళ్ల బలమంతా అటే లాగింది. కుడి వైపు ఇరుసు ముందుకి జారింది, చక్రం వంకర తిరిగింది, టైరు ఎడమ పక్క ఫ్రేముకి పట్టేసింది. సైకిల్ ఉన్నచోటే ఆగిపోయింది. నా చేతిలో హ్యాండిల్ ఉంది, కాలు ఆనించాను. వెనక క్యారియర్ మీద కూర్చున్నదానికి ఏముంది పట్టుకోడానికి?

అది ఏడవలేదు. "మెట్ల మీంచి పడ్డానని చెబుతాలే" అంది, నేనడగకుండానే. సైకిల్ నడిపించుకుంటూ ఇంటిదాకా ఏడ్చింది నేను.

నీ సైకిల్‌కి అలాంటి నట్లు లేవట, స్పానర్ లేకుండానే చక్రం విప్పి బిగించే పిడి, క్విక్ రిలీజ్ లివర్ అట. దాని మోసం ఇంకో రకం. చాలామంది లివర్‌ని నట్టులా గిరగిరా తిప్పి, బిగిసిందనుకుంటారు. అది తిప్పి బిగించేది కాదురా, మడిచి మూసేది. అవతలి పక్కనున్న చిన్న నట్టుతో బిగువు సరిచేసుకో. లివర్ ఇరుసుకి తిన్నగా బయటికి నిలబడేసరికి చేతికి బరువు తగలడం మొదలవ్వాలి. అక్కణ్ణుంచి అరచేత్తో నొక్కి మూస్తే చేతిలో అచ్చు పడాలి. వేళ్లతోనే మూసుకుపోయిందా, అది మూసినట్టు కాదు, తెరిచి మళ్లీ చెయ్యి. ఇరుసుకి అటొకటి ఇటొకటి చిన్న స్ప్రింగులు రెండుంటాయి, వాటి సన్న మొన చక్రం వైపు ఉండాలి.

మూసేటప్పుడు సైకిల్‌ని తలకిందులుగా ఉంచకు. నేల మీద నిలబెట్టి సీటు మీద చెయ్యేసి నొక్కితే ఇరుసు రెండు పక్కలా గాడి చివరిదాకా కూర్చుంటుంది. లివర్ ఆ తర్వాతే. వెనక భాగం పైకెత్తి చక్రం తిప్పి చూడు, టైరుకి రెండు పక్కలా సందు సమానంగా ఉందా, బ్రేకు పడుతోందా అని. చైను దగ్గర వేలు పెట్టుకుని పెడల్ తిప్పావో, నాతో మాట్లాడకు.

వెళ్లేలోగా ఇంట్లో పదిసార్లు విప్పి బిగించు. మధ్యలో ఎవరైనా పిలిస్తే మొదటి నుంచీ రెండు పక్కలా చూసుకో. ముఖ్యంగా మీ అమ్మ పిలిస్తే. పదోసారి అయ్యాక నీ అరచెయ్యి ఫోటో తీసి పంపు, లివర్ అచ్చు కనపడేలా. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకి చూపించకు. మెట్ల కథ దానిది, చెప్పాలనిపిస్తే అదే చెబుతుంది.

మీ పెద్దమ్మ