అల్లుడా, బోర్డు కొనే ముందు దాని మాన్యువల్ తెరువు

అల్లుడా,

గేమ్‌ల కంప్యూటర్ కోసం నిన్న నువ్వు పంపిన మూడు మదర్‌బోర్డుల ఫోటోలు చూశాను. మొదటిది అరవై వేలది, నడుమ చిన్న తెర కూడా ఉంది. నీ మనసు దాని మీదే పడిందని నువ్వు చెప్పకున్నా అర్థమైంది. నచ్చిన ఫోటోనే కదా ముందు పంపుతాం. ఫోన్‌లో చెబుదామంటే సింగరేణిలో నీ షిఫ్టుకూ, హన్మకొండలో నా షాపుకూ టైమ్ కుదరదు. చెప్పినా, సికింద్రాబాద్ చేరేలోపు సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నా.

ఖరీదైన బోర్డు కొన్నంత మాత్రాన గేమ్ వేగం పెరగదు. అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు, అదే ర్యామ్ పెట్టి ఇరవై వేల బోర్డు మీద ఆడినా, అరవై వేల బోర్డు మీద ఆడినా ఫ్రేముల్లో నీ కంటికి తేడా దొరకదు. ఆ నలభై వేలు వేరే వాటికి పోతాయి. ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగానికి, స్లాట్లకు, వెనక పోర్టులకు, ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో చెప్పే లైట్లకు, కొంత సోకులకు. ఇందులో నీకు పనికొచ్చేవి ఎన్ని అన్నదే లెక్క. ఏడాది పాటు జీతంలో మిగిల్చిన డబ్బు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

కరెంటు సంగతి ముందు చూద్దాం, మీ ఊరికి అదే ముఖ్యం. నువ్వు అనుకుంటున్న ఏఎండీ కంపెనీ ప్రాసెసర్, రైజెన్ 7 9800ఎక్స్3డీ, 120 వాట్ల రకం. 120 వాట్లే కదా, రెండు పాతకాలపు బల్బులంత అనిపిస్తుంది. కానీ అది తీసుకునేది ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ. 1.2 వోల్టుల దగ్గర 120 వాట్లంటే 100 ఆంపియర్లు. మీ ఇంట్లో ఏసీ తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లు. ఎస్ఎంపీఎస్ అనే పవర్ సప్లై డబ్బా నుంచి వచ్చే 12 వోల్టులను ఇంత కిందికి దించి, అంత కరెంటును గోరంత చోట్లోంచి పంపే భాగాన్నే వీఆర్‌ఎం అంటారు. ప్రాసెసర్ పక్కన, పైన లావుపాటి అల్యూమినియం ముక్కలు కనిపిస్తాయే, వాటి కిందే ఉంటుంది. ఆ కరెంటును పంచుకుని మోసే భాగాలను ఫేజులంటారు, బోర్డు డబ్బా మీద వాటి లెక్క 14+2+1 అనో, 16+2+2 అనో రాస్తారు. అంకె పెద్దదైతే మంచిదని పరుగెత్తకు. ఒక్కో ఫేజ్ ఎన్ని ఆంపియర్లు మోయగలదో, వాటి మీద వేడి లాగే ఆ అల్యూమినియం ముక్క, అదే హీట్‌సింక్, నిజంగా బరువైనదో, లేక అందానికి అంటించిన రేకో చూడాలి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది.

చల్లటి ఊళ్లో కూర్చుని టెస్ట్ చేసినవాళ్లు వీఆర్‌ఎం అరవై డిగ్రీలు దాటలేదంటారు. వాళ్ల గది ఇరవై రెండు డిగ్రీలు. మే నెలలో మీ గోదావరిఖనిలో మధ్యాహ్నం గది ఎంతుంటుందో నీకే తెలుసు. దానికి తోడు బొగ్గు దుమ్ము. అటువైపు నుంచి నా దగ్గరికి వచ్చే క్యాబినెట్లు తెరిస్తే హీట్‌సింక్ సందుల్లో నల్లటి పొర, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంటుంది. కాబట్టి వీఆర్‌ఎం దగ్గర పిసినారితనం వద్దు. అట్లని అరవై వేలదాకా పోనక్కర లేదు. నీ ప్రాసెసర్‌కు మధ్య రకం బోర్డు వీఆర్‌ఎం కూడా ఎక్కువే. 170 వాట్ల 9950ఎక్స్ పెట్టి రోజంతా వీడియోలు రెండర్ చేసేవాడైతే వేరే మాట. రెండు నెలలకోసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టు. కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకో, లేకపోతే దాని బేరింగ్ పోతుంది.

ఇప్పుడు అసలు మాట. బోర్డు నచ్చగానే ధర చూడకు. కంపెనీ సైట్‌లో దాని మాన్యువల్ పీడీఎఫ్ ఉంటుంది. దించుకుని, ఎం.2 స్లాట్ల పేజీ దగ్గర ఆగు. గేమ్‌లు, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీలు పెట్టేది ఆ స్లాట్లలోనే. కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. ఏ స్లాట్ వాడితే ఏది ఆగిపోతుందో, ఏది సగం అవుతుందో అందులోనే రాసి ఉంటుంది. షాపు వాళ్లు చెప్పరు, డబ్బా మీద ఉండదు.

ఎందుకంటే ప్రాసెసర్ నుంచి వచ్చే దారులు లెక్కపెట్టినన్నే. పీసీఐఈ లేన్లు అంటారు. నీ ప్రాసెసర్‌లో వాడుకోదగినవి 24. గ్రాఫిక్స్ కార్డుకు 16, ఎస్ఎస్‌డీలకని మిగిలేవి 8. బోర్డు మీది పోర్టులను నడిపే చిప్‌సెట్‌కు పోయే నాలుగు దారులు ఈ లెక్కలో లేవు, వాటి మీదే మిగతా పోర్టులు చాలావరకు గుంపుగా ప్రయాణం చేస్తాయి. బోర్డు మీద ఐదు ఎం.2 స్లాట్లు పెట్టినా, పదిహేను యూఎస్‌బీలు పెట్టినా, ప్రాసెసర్ దగ్గర బయలుదేరేది అంతే. కాబట్టి ఖరీదైన బోర్డులు చాలావాటిలో రెండో వేగవంతమైన ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు 16 దారుల నుంచి 8కి పడిపోతుంది. ఎక్స్870 రకం చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో యూఎస్‌బీ4 అనే వేగమైన పోర్టు తప్పనిసరి. కొన్నింటిలో అది రెండో ఎం.2 స్లాట్‌తో దారులు పంచుకుంటుంది. 8కి పడితే ప్రపంచం మునగదు, కొత్త కార్డుల్లో తేడా నూటికి రెండు మూడు వంతులు. కానీ అరవై వేలు పోసి, తెలియకుండా తప్పు స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టుకుని సగం దారి మీద ఆడేవాళ్లను చూశాను. అందులో ఒకతను నా దగ్గరే అసెంబుల్ చేయించుకున్నాడు. స్లాట్ మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. ముందే ఆ పేజీ చదవనందుకు నాకే సిగ్గేసింది.

ర్యామ్ దగ్గర నువ్వు రాసిన ప్లాన్ నాకు నచ్చలేదు. ‘ఇప్పుడు రెండు 16 జీబీలవి, దసరాకు ఇంకో రెండు’ అన్నావు. నువ్వు కొనబోయే డీడీఆర్5 రకం ర్యామ్‌లో అది కుదరదని చెప్పను కానీ, కుదిరినా వేగం పోతుంది. నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డుల మీద రెండు ర్యామ్‌లతో 6000 వేగం చాలామందికి హాయిగా నడుస్తుంది. నాలుగు పెడితే ఏఎండీ అధికారికంగా చెప్పేది 3600. కొందరు అంతకంటే ఎక్కువే నడుపుతారు, అది అదృష్టం మీద. కాబట్టి ఎంత కావాలో ఇప్పుడే తేల్చుకుని రెండే కొను, ఒకే ప్యాకెట్‌లోవి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. ఒకటి, మూడులో పెడితే కొన్ని బోర్డుల్లో డిస్‌ప్లే రాకపోవచ్చు. తర్వాత బయోస్‌లో, అంటే బోర్డు లోపలి సొంత సాఫ్ట్‌వేర్‌లో, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేయి. అది మర్చిపోతే 6000 ర్యామ్‌కు డబ్బిచ్చి 4800 మీద నడుపుతావు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగానే ఉంటుంది, ర్యామ్‌తో బోర్డు పరిచయం చేసుకుంటోంది. కొన్ని నిమిషాలు పడుతుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకు. మా షాపుకు రాత్రి తొమ్మిదింటికి ‘డెడ్ అయింది’ అని ఫోన్ చేసినవాళ్లలో సగం మందికి నేను చెప్పిన వైద్యం ఒకటే: చాయ్ తాగి రా.

బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేని బోర్డును నేను నీకు కొననివ్వను. బోర్డు వెనక చిన్న బటన్ ఉంటుంది. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కంపెనీ చెప్పిన పేరుతో బయోస్ ఫైల్ పెట్టి, గుర్తు వేసిన యూఎస్‌బీలో దూర్చి నొక్కితే, ప్రాసెసర్ లేకపోయినా బయోస్ ఎక్కుతుంది. నా షాపులో ఒకసారి బయోస్ అప్‌డేట్ నడుమ కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, కానీ దాని బ్యాటరీ చచ్చి ఉందని ఆ నిమిషమే తెలిసింది. బోర్డు మూగదైపోయింది. ఆ బటన్ లేకుంటే సర్వీస్ సెంటర్‌కు పంపి పదిహేను రోజులు ఆ అబ్బాయి ముఖం తప్పించుకు తిరిగేవాణ్ని. పది నిమిషాల్లో లేచి కూర్చుంది. యూపీఎస్ అన్నా కదా, 600 వీఏది తెస్తానంటావేమో. అది మోసేది 360 వాట్లు. గేమ్ ఆడేటప్పుడు నీ మెషీన్ దాన్ని ఒక్క తన్ను తంతుంది. యూపీఎస్‌కు విడిగా డబ్బు ఉంచు, ఇంట్లో ఎర్తింగ్ కూడా చూపించు. వానాకాలం ఉరిమితే నెట్ కేబుల్ పీకేయి. పిడుగు ఎక్కువసార్లు ఆ తీగ వెంటే వచ్చి ల్యాన్ పోర్టును కాలుస్తుంది, కొన్నిసార్లు బోర్డునే.

ఇక చిప్‌సెట్ పేర్లు. ఎక్స్870ఈ అంటే రెండు చిప్‌లు, ఎక్కువ పోర్టులు. ఎక్స్870 అంటే ఒకటే చిప్, యూఎస్‌బీ4 ఉంటుంది. బీ850లో యూఎస్‌బీ4 తప్పనిసరి కాదు, గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐఈ 5.0 అవునా కాదా అన్నది బోర్డును బట్టి మారుతుంది. నీకు ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్ఎస్‌డీలు, హెడ్‌సెట్, కీబోర్డ్, మౌస్. ఎక్స్870ఈ అక్కర లేదు. నువ్వు పంపిన మూడింటిలో మధ్య బోర్డు, ఇరవై ఎనిమిది వేలది, అదే నీకు సరిపోతుంది. దాని మాన్యువల్ నేనూ చదివాను. మొదటి రెండు ఎం.2 స్లాట్లు దేనితోనూ పంచుకోవు. నాలుగు చిన్న లైట్లు ఉన్నాయి: సీపీయూ అంటే ప్రాసెసర్, ర్యామ్, వీజీఏ అంటే గ్రాఫిక్స్, బూట్. ఏది వెలిగి ఆగితే తప్పు అక్కడ. అరవై వేలదానిలో అంకెలు చూపించే చిన్న డిస్‌ప్లే ఉంది, అది నాలాంటి మెకానిక్‌కు మస్తు పనికొస్తుంది, నీకు కాదు. 5 గిగాబిట్ ల్యాన్ కూడా ఉందన్నావు. మీ ఇంటి ప్లాన్ 100 మెగాబిట్లు కదా నాయనా.

ఇంటెల్ ఎందుకు వద్దన్నానని అడిగావు. చెడ్డదని కాదు. ఏఎం5కు ముందున్న ఏఎం4 సాకెట్ మీద 2017లో కొన్న కొన్ని బోర్డుల్లో 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను బయోస్ మార్చి నడిపించాం, కొత్త బోర్డు కొనలేదు. 2022లో వచ్చిన ఏఎం5ను కూడా 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ సాకెట్ రెండు మూడు తరాలకు మారుతుంది. నువ్వు నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలని నా ఆశ.

ఒక తప్పు చెప్తాను, అక్కకు చెప్పకు. షాపు పెట్టిన కొత్తలో, సూదులు ప్రాసెసర్‌కు కాకుండా బోర్డు సాకెట్‌కే ఉండే రకం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక కస్టమర్ బోర్డు మీద ప్రాసెసర్‌ను వంకరగా జారవిడిచాను. ఒక మూల నాలుగైదు పిన్నులు పడుకున్నాయి. కంటికి కనిపించవు, వెలుతురు పక్క నుంచి పడితే వరుసలో ఒక చోట మెరుపు తప్పుతుంది, అంతే. భూతద్దం పెట్టుకుని, కుట్టు సూదితో, ఊపిరి బిగబట్టి ఒక్కో పిన్నును లేపాను. మూడు గంటలు. ఒకటి విరిగింది. కొత్త బోర్డు నా జేబులోంచి కొనిచ్చాను. ఏఎం5లో కూడా పిన్నులు బోర్డుకే ఉంటాయి, 1718. వంగితే వారంటీ రాదు.

కాబట్టి కౌంటర్ మీదే డబ్బా తెరిపించు. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీసి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి వరుసలు చూడు, జూమ్ చేసి ఫోటో తీసుకో. డబ్బా మీది సీరియల్ నంబర్, బోర్డు మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూడు. ఆ మూత పారేయకు, వారంటీకి పంపేటప్పుడు అది లేకుంటే తీసుకోరు. బిల్లు లేకుండా నాలుగు వేలు తగ్గిస్తానంటే నవ్వి బయటికి రా. ఆ తగ్గింపు 18 శాతం జీఎస్‌టీది, దానితో పాటు మూడేళ్ల వారంటీ కూడా పోతుంది.

వచ్చే ఆదివారం తర్వాత నీకు వీక్లీ ఆఫ్ ఎప్పుడో చెప్పు. నువ్వు రామగుండంలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, నేను కాజీపేటలో ఎక్కుతా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో రెండు మూడు కంప్యూటర్ షాపుల్లో ధర అడిగి సాయంత్రానికి తిరిగొద్దాం. డబ్బులు, ఆధార్ నువ్వు తెచ్చుకో. భూతద్దం నేను తెస్తా.

మీ మామ
హన్మకొండ