వీఆర్ గది పెట్టబోయే మేనకోడలికి

చి.సౌ. అమ్మాయికి మీ మామ ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి.

మీ కాలేజీలో వీఆర్ గది, అంటే తలకి హెడ్‌సెట్ తగిలించుకుంటే చుట్టూ అంతా నిజంగా ఉన్నట్టు చూపించే వర్చువల్ రియాలిటీ గది, పెట్టే పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. మీ విద్యార్థులకే కాకుండా చీమకుర్తి గ్రానైట్ క్వారీల వాళ్ళకి కూడా అందులోనే శిక్షణ ఇప్పించాలని మీ ప్రిన్సిపాల్ గారి ఆలోచన అట గదా. మంచిదే. ఫోన్లో చెప్తే సగం నేను మర్చిపోతా, మిగతా సగం నువ్వు మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నా. క్వారీల్లో బతుకంతా గడిపి, రిటైరయ్యాక నిజం పనికి నకలు చేసి నేర్పే ఈ సిమ్యులేషన్ల వెంట తిరిగినవాణ్ణి. కొంచెం గట్టిగా చెప్పినా ఏమనుకోకు.

ముందు ఆ కంపెనీవాళ్ళు ఇచ్చిన కేటలాగ్ మూసి పక్కన పెట్టు. వాళ్ళు డెమోకి వచ్చి మీ ప్రిన్సిపాల్ గారిని చంద్రుడి మీద నడిపిస్తారు, గుండె లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు, ఆయన చప్పట్లు కొడతారు, ఆర్డరు అక్కడికక్కడే అయిపోతుంది. ఆరు నెలలకి హెడ్‌సెట్లు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అట్టా వద్దు. నువ్వు మొదలుపెట్టాల్సింది క్వారీలోని ప్రమాదాల రిజిస్టర్ దగ్గర. అందులో కూడా అన్నీ ఉండవు. తృటిలో తప్పిపోయినవి ఎవరూ రాయరు, ఎక్కువ నేర్పేవి అవే. కూలీల మీద అజమాయిషీ చేసే మేట్లనీ, మందుగుండు పేల్చే బ్లాస్టర్లనీ టీకొట్టు దగ్గర అడుగు, చెప్తారు. ఆఫీసులో కుర్చీ వేసి అడిగితే నోరు విప్పరు.

నిజంగా చేయించి చూపిస్తే ప్రాణం పోయేదో, ఏళ్ళకోసారి తప్ప ఎదురుపడనిదో అయితేనే హెడ్‌సెట్ తియ్యి. తక్కినవి వేరే పద్ధతిలో నేర్పొచ్చు.

ఒక పని తీసుకుని చెప్తా. గెలాక్సీ రాయిని, అదే మన చీమకుర్తి నల్ల గ్రానైట్‌ని, ఇప్పుడు కోసేది డైమండ్ వైర్‌సాతో అని నీకు తెలుసు, వజ్రపు పూసలు గుచ్చిన వైరుతో కోసే మెషిన్ అది. పై నుంచి ఒక బెజ్జం, పక్క నుంచి ఒక బెజ్జం వేసి, రెండూ లోపల కలిసినచోట నుంచి వైరు దూర్చి, కొసలు కలిపి, మెషిన్ చక్రం మీద వేసి తిప్పుతారు. మెషిన్ పట్టాల మీద మెల్లగా వెనక్కి జరుగుతూ వైరుని బిగువుగా ఉంచుతుంది. కోతలో నీళ్ళు పడుతూనే ఉండాలి. వైరు తెగిందా, దానికి గుచ్చిన పూసలు తుపాకీ గుండ్లలా లేస్తాయి. ఎక్కువగా పోయేది వైరు తిరిగే వరసలోనే. ఆ వరసలో నిలబడకూడదని కొత్తగా చేరిన కూలీక్కూడా తెలుసు, అడిగితే టక్కున చెప్తాడు. అయినా నిలబడతాడు. ఎందుకంటే నీళ్ళ పైపు జారిపోతుంది, కోత ఎండిపోతుందని మేస్త్రీ అరుస్తాడు, వీడు పరుగెత్తి పైపు సర్దుతాడు. పైపు ఉండేది ఆ వరసలోనే.

నీ సిమ్యులేషన్ అక్కడ మొదలవ్వాలి. 'వైరు తెగుతుంది జాగ్రత్త' అని ముందే బోర్డు పెట్టొద్దు. నీళ్ళ పైపు సర్దమని పని చెప్పు, మేస్త్రీ కేక వినిపించు, ఆపైన చూడు. మెషిన్ ఆపించి వెళ్తాడా, తిరుగుతుండగానే వెళ్తాడా, పక్క నుంచి వస్తాడా, ఎదురుగా వస్తాడా. ప్రతిసారీ వైరు తెగకూడదు. ప్రతిసారీ తెగితే అది ఆటే అవుతుంది, వాడు తెగేదాకా కాచుకుని పక్కకి తప్పుకుంటాడు, నువ్వు వాడికి నేర్పింది తప్పుకోవడం మాత్రమే. చాలాసార్లు ఏమీ జరక్కుండా పని అయిపోవాలి, క్వారీలో అయ్యేదీ అంతే గదా. తెగినప్పుడు కూడా అంతా ఆగిపోయి, పూసలు పోయిన దారులు ఎర్ర గీతలుగా కనిపిస్తే చాలు. రక్తం వద్దు. ఆ కూర్చున్నవాళ్ళలో తోటివాణ్ణి కళ్ళముందే పోగొట్టుకున్నవాడు ఉండొచ్చు. లోపల ఏం చూడబోతున్నారో ముందే చెప్పు, వద్దన్నవాణ్ణి వదిలెయ్యి, ఎందుకని అడగొద్దు.

నెల్లూరు వైపు రొయ్యల ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చి అడిగితే చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాసు లీకు మీద చేయించు. గ్యాసు వదిలి నేర్పలేం గదా. అలారం మోగగానే మనిషి రోజూ వచ్చే గేటు వైపే పరుగెడతాడు, గాలి ఎటు వీస్తుందో చూడడు. గాలికి అడ్డంగానో ఎదురుగానో బయటపడే అలవాటు కాళ్ళకి రావాలి, దానికి హెడ్‌సెట్ బాగా పనికొస్తుంది.

ఇక మీ విద్యార్థుల సంగతి. ఇక్కడే నీకూ మీ హెచ్‌ఓడీకీ పేచీ వచ్చేది. ఆయన సిలబస్ అంతా హెడ్‌సెట్‌లోకి ఎక్కించమంటాడు చూడు. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 52 మంది విద్యార్థులకి ఒకే సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ని మామూలు కంప్యూటర్ తెర మీదా, హెడ్‌సెట్‌లోనూ ఇచ్చి చూశారు. 2019లో అచ్చయింది. హెడ్‌సెట్‌లో 'నిజంగా ల్యాబ్‌లో ఉన్నట్టే ఉంది' అన్నారు, కానీ నేర్చుకున్నది తెర మీద కంటే తక్కువ. చుట్టూ చూసేది ఎక్కువైపోయి మెదడు అలసిపోయిందని మెదడు పనిని కొలిచే ఈఈజీ పరీక్షలో కూడా తేలింది. సూత్రాలు, సర్క్యూట్లు, టైట్రేషన్లు లాంటి వాటికి ఐఐటీలు కలిసి నడిపే వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి, బ్రౌజర్‌లో నడుస్తాయి, పైసా కట్టక్కర్లేదు. హెచ్‌ఓడీ గారికి అవి చూపించు.

అసలు సిమ్యులేటర్ అంటే తలకి తగిలించుకునేదే అన్న భ్రమ ఒకటి ఉంది. ఎడ్విన్ లింక్ అనే ఆయన పైలట్లకి నేర్పడానికి 1929లో చేసిన విమానం పెట్టె గాలితిత్తులతో ఊగేది. వాళ్ళ నాన్నది ఆర్గాన్లు చేసే కార్ఖానా, ఆ తిత్తులే పట్టుకొచ్చాడు. 1934లో టపా మోసే సైనిక పైలట్లు వరసగా చనిపోయాక అమెరికా సైన్యం ఆ పెట్టెలు కొన్నది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు 2002లో అచ్చువేసిన పరిశోధన సంగతి ఇంకా బాగుంటుంది. శిక్షణలో ఉన్న 16 మంది సర్జన్లలో సిమ్యులేటర్ మీద సాధన చేసినవాళ్ళు నిజం ఆపరేషన్‌లో పిత్తాశయాన్ని 29 శాతం తక్కువ సమయంలో వేరుచేశారు. సాధన లేనివాళ్ళు పిత్తాశయానికి గాయం చెయ్యడమో, కాల్చకూడని చోట కాల్చడమో అయిదు రెట్లు ఎక్కువ. ఆ సిమ్యులేటర్ ఏందనుకున్నావు? ఒక తెర, రెండు పరికరాల పిడులు. చిన్న బెజ్జంలోంచి కెమెరా పంపి చేసే లాప్రోస్కోపీలో సర్జన్ చూసేదీ తెరనే గదా, అందుకని అది సరిగ్గా సరిపోయింది. కృష్ణపట్నం థర్మల్‌లో 800 మెగావాట్ల యూనిట్ నడిపే ఆపరేటర్ కూడా అంతే, అతని పని తెరల ముందు, సాధన కూడా తెరల ముందే చెయ్యాలి. క్వారీ మనిషికి ప్రమాదం వెనక నుంచి, పై నుంచి వస్తుంది. తల తిప్పి చూడాల్సిన పని కాబట్టే అతనికి హెడ్‌సెట్.

ఆ యేల్ పరిశోధనలో ఇంకోటి గమనించు. ఇన్ని గంటలని లెక్కపెట్టి వదల్లేదు వాళ్ళు, చెయ్యి తిరిగిన సర్జన్ల స్థాయి వచ్చేదాకా సాధన చేయించారు. మీ టైంటేబుల్ దీన్ని ఒప్పుకోదని తెలుసు. అయినా హాజరు పట్టీ చూసి సర్టిఫికెట్ ఇచ్చేదానికి నువ్వు ఒప్పుకోవద్దు. మంచి మేట్లని ముగ్గురు నలుగుర్ని పిలిచి ముందు వాళ్ళచేత చేయించు, వాళ్ళకి వచ్చిన స్కోరే నీ గీటు. వాళ్ళే తడబడితే సిమ్యులేషన్‌లో లోపముంది, వెనక్కి పంపు.

హెడ్‌సెట్ నేర్పలేనిది క్వారీలో చాలా ఉంది. మెట్లుగా కోసిన బెంచి గోడ మీద వదులు రాయి ఉందా లేదా అని గడ్డపారతో తట్టి చూస్తారే, గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది బోలుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి ఒకటైతే, గడ్డపార పట్టుకున్న అరచేతికి ఇంకోటి. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌లో వచ్చే ఆ గుర్రుమనే కదలికతో అది రాదు. బరువు రాదు, మే నెల ఎండకి రాయి మీద నుంచి కొట్టే సెగ రాదు. కాబట్టి ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో, ఎప్పుడు ఆపాలో లోపల నేర్పి, ఆ వారంలోనే క్వారీకి తీసుకెళ్ళి పాత మేస్త్రీ పక్కన నిలబెట్టి తట్టించు. వీఆర్ ఉందిగదా అని ఆ రోజు కోసేస్తే మాత్రం నాకు చెప్పకు, కోపం వస్తుంది.

గది పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని గబగబా చెప్తా. సీలింగ్ ఫ్యాన్ కింద ఎవర్నీ నిలబెట్టొద్దు, చెయ్యి పైకెత్తుతారు. ఒక్కొక్కరికి రెండు మీటర్లు పొడవు, రెండు మీటర్లు వెడల్పు ఖాళీ ఉండాలి. కిటికీ ఎండ కటకం మీద పడితే లోపలి తెర కాలి మచ్చ పడుతుంది, బాగుచెయ్యడం కుదరదు, కాబట్టి ముదురు కర్టెన్లు వేయించు, వాడనప్పుడు మూత పెట్టించు. కాలేజీ వైఫైకి లాగిన్ పేజీ ఉంటే హెడ్‌సెట్లు సతాయిస్తాయి, విడిగా రౌటర్ ఒకటి తీసుకో. మనవాళ్ళ తలనూనె పట్టీలకి, కుంకుమ, విభూతి నురుగు మెత్తకి అంటుతాయి. మెత్త మీద తుడవడానికి వీలైన సిలికాన్ తొడుగులు కొను, కటకాలని పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడిపించు, స్పిరిట్ తగలనివ్వకు. కొప్పు పెట్టుకున్నవాళ్ళకి పట్టీ సరిగ్గా కూర్చోదు, జడ వేసుకుని రమ్మని ముందురోజే చెప్పు.

తల తిరగడం గురించి మాత్రం అశ్రద్ధ చెయ్యకు. కళ్ళేమో నడుస్తున్నామంటాయి, చెవి లోపల తూకం చూసే భాగమేమో కదల్లేదంటుంది, దాంతో కడుపులో తిప్పుతుంది. బొటనవేలితో కంట్రోలర్ మీది చిన్న కర్ర తిప్పి నడిపించే సిమ్యులేషన్ వద్దు, చోటు మార్చాలంటే ఒక్కసారిగా అక్కడికి చేరేట్టు చేయించు. మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టి, పది నిమిషాల్లో తీసెయ్యి. కటకాల మధ్య దూరం ప్రతి మనిషికీ సరిచెయ్యాలి, ఒకరికి పెట్టిందే ఇంకొకరికి తగిలిస్తే మసకగా కనిపించి తలనొప్పి వస్తుంది, వాళ్ళు అది తమ కళ్ళ లోపమనుకుని నోరెత్తరు. మూర్ఛ, మైగ్రేన్, పేస్‌మేకర్, గర్భం గురించి పక్కకి పిలిచి అడుగు, అందరి ముందూ కాదు. మొహం పాలిపోయినా, ఆవలింతలు వచ్చినా ఆపెయ్యి. తిరుగుడు తగ్గేదాకా బండి ఎక్కనివ్వకు, చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీలు ఎట్టా పోతాయో నీకు చెప్పక్కర్లేదు.

అరవై మంది క్లాసుకి ఆరు హెడ్‌సెట్లంటే, మనిషికి పది నిమిషాలు వేసుకున్నా వంద నిమిషాలు, మార్చుకునే టైము కాక. అందుకని జంటలు కట్టు. ఒకరు లోపల ఉంటే ఇంకొకరు టీవీలో అదే చూస్తూ నోట్సు రాయాలి. నన్నడిగితే రాసేవాడే ఎక్కువ నేర్చుకుంటాడు.

నేర్చుకునేది కూడా ఎక్కువ హెడ్‌సెట్ తీశాకే. తీసిన వెంటనే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి మాట్లాడించు. 'తప్పు చేశావు' అని మొదలుపెట్టకు, 'అక్కడ నిలబడ్డప్పుడు ఏం అనుకున్నావు' అని అడుగు. వాడు 'మేస్త్రీ తిడతాడని' అంటాడు చూడు, ఆ మాట మేస్త్రీ కూడా వినాలి. పదిహేను నిమిషాలు లోపల ఉంటే కనీసం అంతసేపు బయట మాటలుండాలి. స్కోర్లు మాత్రం పేర్లతో సహా యజమానుల చేతికి ఇవ్వనని ముందే రాయించుకో. ఎవడు ఎటు చూశాడో, ఎంత తటపటాయించాడో ఆ యంత్రం అంతా పట్టేస్తుంది. ఆ చిట్టా చూసి ఒక్కణ్ణి పనిలోంచి తీసేశారంటే మర్నాటి నుంచి నీ గదిలో ఎవరూ నిజాయితీగా తప్పు చెయ్యరు.

చదివే అక్షరాలు తగ్గించి మాటలు పెట్టించు. తెలుగుతో పాటు హిందీ కూడా ఉండాలి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళున్నారు క్వారీల్లో. తెలుగు గొంతు మన చీమకుర్తి మేస్త్రీదే రికార్డు చేయించు, టీవీ వార్తల గొంతు వద్దు.

డబ్బు సంగతికొస్తే, హెడ్‌సెట్ల ఖరీదు చిన్నది, సిమ్యులేషన్ తయారీ పెద్దది. 2020లో పీడబ్ల్యూసీ అనే సలహాల కంపెనీ వాళ్ళు అమెరికాలో వేసిన లెక్కలో, తరగతి గది శిక్షణతో ఖర్చు సమానమయ్యింది 375 మంది దగ్గర. అది వేరే రకం శిక్షణ, పైగా అట్టాంటి సలహాలు అమ్ముకునేవాళ్ళ లెక్క, అయినా ఒక అంచనాకి పనికొస్తుంది. ఏడాదికి యాభై మంది కూడా రాకపోతే నీ ఒక్క కాలేజీయే సొంతంగా తయారుచేయించడం దండగ, ఇద్దరు ముగ్గురు క్వారీ యజమానుల్ని కలుపుకో. అగ్రిమెంట్‌లో నెట్ లేకపోయినా నడవాలని, ఏటా కట్టే లైసెన్సు ఎంతో, క్వారీలో మెషిన్ మారితే మార్పులు చెయ్యడానికి ఎంత తీసుకుంటారో, కంపెనీ మూతపడితే ఆ ఫైళ్ళు మీకే దక్కుతాయా అనేది రాయించు. చివరిదానికి వాళ్ళు ఒప్పుకోరు. పట్టుబట్టు.

కొటేషన్ రాగానే సంతకం పెట్టకముందు నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం తప్ప ఏ రోజైనా సరే, పొద్దున్నే వస్తే ఇద్దరం కలిసి రామతీర్థం వైపు క్వారీల్లో నాకు తెలిసిన మేట్లని కలిసొద్దాం. టోపీ, బూట్లు తెచ్చుకో, చెప్పులతో లోపలికి రానివ్వరు. అత్త నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ మామ