పెళ్లి ఫొటోల నుంచి పత్రికా, డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీకి మారాలంటే హైదరాబాద్‌లో ఎలా మొదలుపెట్టాలి?

కొన్నేళ్లుగా పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్నానని, ఇకపై పత్రికలకూ డాక్యుమెంటరీ పనికీ మారాలనుకుంటున్నానని, అందుకు కోర్సు చేయాలా లేక మెరుగైన కెమెరా కొనాలా అని మీరు అడిగారు. నేను ఒక తెలుగు దినపత్రికలో కొంతకాలం స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌గా, ఆ తరువాత ఇదే నగరంలో చాలాకాలంగా ఫ్రీలాన్సర్‌గా పనిచేస్తున్నాను. కెమెరా సంగతి ఇప్పటికి పక్కన పెట్టండి. రంగు దీపాలు మారుతూ ఉండే ఫంక్షన్ హాల్లో, కదిలే మనుషుల మధ్య, మళ్లీ జరగని తలంబ్రాల ఘట్టాన్ని ఫోకస్ తప్పకుండా పట్టుకోగలిగిన మీకు సాంకేతికంగా కొత్తగా రావలసింది తక్కువే. పెళ్లి పని నేర్పనిది ఒకటుంది: తీసినవాటిలోంచి ఏరడం.

పెళ్లి ఆల్బమ్‌లో ఎవరినీ వదలడానికి వీల్లేదు. మేనత్త ఫొటో లేకపోతే మాట పడాలి. పత్రికా కథనంలో అందుకు పూర్తిగా విరుద్ధంగా, ఒకే సంగతి చెప్పే రెండు ఫొటోలుంటే వాటిలో ఒకటి, ఎంత అందంగా ఉన్నా సరే, పోవలసిందే. ఆ ఫొటో కోసం పడిన ఎండ, చేసిన బతిమాలింపు మనకు గుర్తుంటాయి, పాఠకుడికి కనబడవు. అందుకే తీసినవారు ఒంటరిగా చేసుకునే ఎంపిక సాధారణంగా బలహీనంగా ఉంటుంది. మా డెస్కులో ఒక సీనియర్ ప్రతి ఫొటోకూ ‘ఇది తీసేస్తే కథలో ఏం తగ్గుతుంది?’ అని మాత్రమే అడిగేవారు. మీరు చిన్న ప్రింట్లు వేయించి నేలమీద పరచి, ఫొటోగ్రాఫర్లు కానివారిని, వీలైతే వార్తలు రాసేవారిని పిలిచి వరుస పేర్చమనండి. వారు పేర్చేటప్పుడు మీరు ఏమీ వివరించకండి. వివరిస్తే తప్ప అర్థం కాని ఫొటో ఏదో అప్పుడే తేలిపోతుంది.

పత్రికల పని, డాక్యుమెంటరీ పని ఒకటి కావు. మొదటిదానిలో విషయం ఎడిటర్‌ది, గడువూ ఎడిటర్‌దే. ట్యూబులైటు గదిలో పావుగంట సమయమిచ్చే డాక్టర్‌ను, పేజీలో శీర్షికకు చోటు మిగిలేలా, నిలువుగా ఒకటీ అడ్డంగా ఒకటీ తీసి సాయంత్రానికి పంపాలి. రెండోదానిలో విషయాన్ని మీరే ఎంచుకుని, అడిగేవారూ ఇచ్చేవారూ లేకుండా నెలల తరబడి దాన్ని పట్టుకుని ఉండాలి. నా అభిప్రాయంలో రెండోది చేతిలో ఉంటేనే మొదటిది దొరుకుతుంది, ఎందుకంటే ఎడిటర్లు వెబ్‌సైట్లో విడివిడి ఫొటోల కంటే పూర్తయిన ఒక కథనాన్నే నమ్ముతారు.

ఆ కథనం ఇంటికి దగ్గరలో ఉండాలి, పదేపదే వెళ్లగలగాలి. ధూల్‌పేట గణపతి విగ్రహాల తయారీని తీసుకోండి. చవితి ముందు వారంలో రంగులేసే దృశ్యాన్ని అందరూ తీస్తారు. నెలల ముందు పని మొదలైనప్పుడు, వర్షానికి విగ్రహాలు ఆరనప్పుడు, నిమజ్జనం తరువాత అమ్ముడుపోని విగ్రహాలు షెడ్డులో మిగిలినప్పుడు అక్కడ ఉండేవారు తక్కువ. మీకొక సౌకర్యం కూడా ఉంది: ఆషాఢంలో మన పెళ్లి ముహూర్తాలుండవు, సరిగ్గా ఆ నెలలోనే ఇక్కడ బోనాలు, అప్పటికి విగ్రహాల పనీ ఊపందుకుంటుంది.

లోపలికి రానివ్వడం మాత్రం కెమెరాతో సాధించేది కాదు. ఇండోర్‌లో ప్రజా పనుల శాఖ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూ ఫొటోగ్రఫీలోకి వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఈ నగరంలోనే విడిగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎదుటివారి షరతులకు తగ్గట్టు పని పద్ధతినే మార్చుకోవడమంటే అది. మీరు మొదటి రోజుల్లో తీసినవాటి ప్రింట్లు పట్టుకెళ్లి ఇవ్వండి; ఇస్తానని ఇవ్వని ఫొటోగ్రాఫర్లను ధూల్‌పేట లాంటి బస్తీలు చాలామందిని చూశాయి.

క్యాప్షన్ అదే రోజు రాయండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు అనే వివరాలతో పాటు ఫొటోలో కనబడని ఒక సమాచారమైనా ఉండాలి, పేరు వారినే అడిగి సరిచూసుకోవాలి, దాన్ని ఐపీటీసీ సమాచారంగా (ఫొటో ఫైలు లోపలే వివరాలు రాసిపెట్టే ప్రామాణిక పద్ధతి) ఫైలులోనే చేర్చాలి. పెళ్లి ఫొటోల్లో చేసే చర్మం నునుపు చేయడం, వెనకున్న తీగను చెరిపేయడం ఇక్కడ ఉద్యోగం పోగొట్టే పనులు. వార్తా సంస్థ రాయిటర్స్ 2015లో తన ఫ్రీలాన్సర్లను రా ఫైళ్ల (కెమెరా సెన్సర్ నమోదు చేసిన ముడి సమాచారం) నుంచి తయారుచేసినవి పంపవద్దని, కెమెరాలోనే తయారైన జేపెగ్‌లే పంపమని చెప్పింది. పత్రికా ఫొటోగ్రఫీకి జరిగే అంతర్జాతీయ పోటీ వరల్డ్ ప్రెస్ ఫొటోలో చివరి దశకు చేరినవారి అసలు ఫైళ్లు తెప్పించుకుని పోల్చి చూస్తారు. ఆదుకోవలసిన పిల్లలు, చట్టంతో చిక్కుపడిన పిల్లలు, నేరానికి బాధితులైన పిల్లలు ఎవరో గుర్తుపట్టేలా ఫొటో ప్రచురించడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరమని కూడా తెలుసుకోండి.

కోర్సు విషయానికొస్తే, మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది. అది ఇంటర్ తరువాత చేరేవారికి మంచి దారి, ఇప్పటికే సంపాదిస్తున్న మీకు అవసరమని నేననుకోను. దానికంటే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు వెళ్లండి, అనుభవజ్ఞులు మీ పని చూసి అభిప్రాయం చెప్పే పోర్ట్‌ఫోలియో సమీక్షలో, మీరు పేర్చుకున్న ఫొటోల వరుసను చూపించండి.

చివరిగా హక్కులు. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా ప్రతిఫలమిచ్చి అడిగి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని వారే. అందుకే అసైన్‌మెంట్ ఒప్పుకునే ముందే, ఈమెయిల్‌లోనైనా సరే, హక్కులు ఎవరివి, ఎన్ని సంవత్సరాలకు, ఏ ఎడిషన్లకు అన్నది రాయించుకోండి. పేరు వేస్తాం, డబ్బు తరువాత చూద్దాం అన్న పత్రికకు నేను ఫొటోలు పంపడం మానేశాను. మీరు కూడా మొదటి అసైన్‌మెంట్ నుంచే రేటు అడగండి.